గోరు రంగు మారితే

అద్దం లేకుండా రోజూ చూసుకోగలిగినవి చేతి గోళ్ళు. అన్నం కలిపేటప్పుడు కనబడతాయి. బియ్యం ఏరేటప్పుడు కనబడతాయి. నారు పట్టుకున్నా, పూలు కట్టినా కళ్ళ ముందే ఉంటాయి. అయినా మీ గోళ్ళు ఏ రంగులో ఉన్నాయని అడిగితే చాలామంది వెంటనే చెప్పలేరు. గోరింటాకు పెట్టుకున్న రోజు మురిపెంగా చూసుకుంటారు. తర్వాత మరిచిపోతారు.

గోరు రంగు మారితే కొందరు హడలిపోతారు. కొందరు అసలు పట్టించుకోరు. కొన్ని రంగులు సబ్బుతో పోతాయి. కొన్ని గోరు పెరిగే కొద్దీ పోతాయి. కొన్ని మాత్రం ఒంట్లో ఉన్న జబ్బును బయటపెడతాయి. ఏది ఎలాంటిదో తెలిస్తే ఊరికే ఆసుపత్రికి పరిగెత్తక్కర్లేదు. వెళ్ళాల్సిన రోజున ఇంట్లో కూర్చోనూ కూర్చోరు.

గోరుకు రంగు ఎక్కడిది?

వెంట్రుక దేనితో తయారవుతుందో గోరు కూడా దానితోనే తయారవుతుంది. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. రక్తం రాదు. గోరుకు సొంత రంగంటూ పెద్దగా లేదు. అది మసక గాజు పలక లాంటిది. దాని కింద మెత్తని చర్మం ఉంది. ఆ చర్మం నిండా సన్నని రక్తనాళాలు ఉన్నాయి. ఆ రక్తం రంగే పైకి గులాబీ రంగులో కనబడుతుంది.

గోరు మొదట్లో, చర్మం కింద, దాని వేరు ఉంది. అక్కడి నుంచి కొత్త గోరు పుడుతుంది. పాత గోరును ముందుకు నెడుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే బియ్యపు గింజలో సగం పొడవు. మొత్తం గోరు కొత్తది కావడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి గోరు ఇంకా నెమ్మది. బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

పైన అంటిన రంగు

పసుపు కొమ్ములు పట్టేవాళ్ళ గోళ్ళు పచ్చగా ఉంటాయి. పొగాకు పనిలో ఉన్నవాళ్ళ గోళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి. అరటి పువ్వు ఒలిస్తే నల్లటి కర పడుతుంది. ఎర్ర గోళ్ళ రంగు నెలల తరబడి వేసుకుంటే, అది తీసేశాక గోరు పసుపు పచ్చగా కనబడుతుంది. ఇవేవీ జబ్బులు కావు. గోరు మొదట్లో చూడండి. అక్కడ శుభ్రమైన కొత్త గోరు వస్తుంటే భయం లేదు. మరక ముందుకు జరిగి జరిగి చివరికి కత్తెరకు దొరుకుతుంది.

గోళ్ళ మీద సన్నని తెల్ల చుక్కలు వస్తాయి. ఆకాశంలో కొంగలు పోతుంటే పిల్లలు చేతులు ఊపి, గోళ్ళ మీద పూలు వేయమని అడుగుతారు. ఆ పూలు ఇవే. ఇవి కాల్షియం తక్కువై వచ్చాయని కొందరు మందుల షాపులో మాత్రలు కొంటారు. అది ఉత్త ఖర్చు. గోరు వేరుకు ఎప్పుడో చిన్న దెబ్బ తగిలి ఉంటుంది. ఆ గుర్తు కొన్ని వారాల తర్వాత తెల్ల చుక్కగా పైకి వస్తుంది. అదే పోతుంది.

గోళ్ళు పాలిపోతే

ఇది ఆడవాళ్ళందరూ తెలుసుకోవాల్సిన సంగతి. రక్తం తక్కువైతే గోళ్ళలో గులాబీ రంగు తగ్గుతుంది. గోళ్ళు తెల్లగా, సున్నం కొట్టినట్టు అవుతాయి. చాలా కాలం ఇలాగే ఉంటే గోళ్ళు పలచబడతాయి. విరుగుతాయి. కొందరికి గోరు మధ్యలో గుంట పడి చెంచాలాగా అవుతుంది. ఆ గుంటలో నీటి చుక్క వేస్తే జారకుండా నిలుస్తుంది.

2019–21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ప్రతి 100 మందికి 57 మందిలో రక్తం తక్కువగా ఉందని ఆ సర్వేలో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ సగం మందికి పైనే. అంటే పదిమంది ఆడవాళ్ళు చావడిలో కూర్చుంటే అయిదారుగురికి ఈ బాధ ఉన్నట్టే. ఇంతమందికి ఉంది కాబట్టే ఇది జబ్బులా కనబడదు. "ఆడదాని ఒళ్ళు అంతేలే" అనుకుంటారు. అది నిజం కాదు.

ఒక ఊళ్ళో జరిగిన సంగతి చూడండి. మిరపకాయలు కోసే ఒక కోడలు పిల్ల ఉంది. రెండో కాన్పు. ఏడో నెల. మొదటి బిడ్డకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. చేలో నాలుగడుగులు వేస్తే ఆయాసం. బిందె ఎత్తితే గుండె దడ. అత్తకు చెబితే, "నీళ్ళు పోసుకున్న మనిషికి ఆయాసం ఉండదా? మేం కనలేదా?" అంది. నీరసం ఎక్కువైతే ఊళ్ళో వైద్యం చేసే ఆయన దగ్గర రెండుసార్లు సెలైన్ ఎక్కించారు. ఒక్కో సీసాకు రెండు రోజుల కూలి పోయింది.

ఒకరోజు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. ఆ పిల్ల చేతులు పట్టుకుని చూసింది. పది గోళ్ళకూ గోరింటాకు ఎర్రగా పండి ఉంది.

"గోళ్ళు కనబడకుండా చేశావు కదే! ఏదీ, కన్ను చూపించు" అంది.

కింది కనురెప్పను కిందికి లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా ఉంది. నాలుక చూసింది. అరచెయ్యి చూసింది. అన్నీ పాలిపోయి ఉన్నాయి.

"ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా?"

ఆ పిల్ల మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి దూలం మీద నుంచి ఒక కవరు తెచ్చింది. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి.

"నాలుగు రోజులు వేసుకున్నానక్కా. నల్లగా దొడ్డికి అయింది. భయమేసి మానేశాను."

అత్త అందుకుంది. "నేనే వద్దన్నానమ్మాయ్. ఆ మాత్రలు మింగితే బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందంట కదా!"

"ఎవరు చెప్పారు పెద్దమ్మా? బిడ్డ లావెక్కడం కాదు, తల్లికి రక్తం పడుతుంది. నల్లగా అవడం ఆ ఇనుము వల్లే. అందులో భయం ఏమీ లేదు. రేపు పొద్దున్నే పి.హెచ్.సి.కి పోదాం. నువ్వు కూడా రా."

పి.హెచ్.సి.లో వేలి కొస గుచ్చి ఒక చుక్క రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. హిమోగ్లోబిన్ అంటే రక్తానికి ఎర్ర రంగు ఇచ్చే పదార్థం. మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయేది అదే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇది ఎన్ని గ్రాములు ఉందో కొలుస్తారు. మామూలు ఆడవాళ్ళకు 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. గర్భిణికి 7 కంటే తగ్గితే ప్రమాదం.

డాక్టరమ్మ అత్తను పిలిచి చెప్పింది. "కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. ఒంట్లో ఉన్నదే ఇంత తక్కువైతే, ఆ కొంచెం పోయినా ఈ పిల్ల తట్టుకోలేదు. బిడ్డ కూడా తూకం తక్కువగా పుట్టొచ్చు. ఇప్పుడు మాత్రలతో ఆగితే చాలదు. పెద్దాసుపత్రికి పంపుతాను."

పెద్దాసుపత్రిలో ఇనుము మందును నరం ద్వారా ఎక్కించారు. నాలుగు వారాల తర్వాత పరీక్ష చేస్తే 9 దాటింది. ఆయాసం తగ్గింది. కాన్పు ఆసుపత్రిలోనే అయింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు. అత్త ఇప్పుడు వీధిలో ఏ గర్భిణి కనబడినా కనురెప్ప లాగి చూస్తోంది. కొందరు విసుక్కుంటున్నారు కూడా!

ఆ పిల్లకు ఎక్కించిన సెలైన్ సంగతేమిటి? సెలైన్ అంటే ఉప్పు నీళ్ళు. గ్లూకోజు సీసా అంటే చక్కెర నీళ్ళు. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు పోయినప్పుడు అవి పనికొస్తాయి. వాటితో రక్తం పట్టదు. రక్తం బాగా తక్కువున్న మనిషికి సీసాల కొద్దీ నీళ్ళు ఎక్కిస్తే గుండె మీద భారం పడుతుంది. బలం కోసమని సెలైన్ పెట్టించుకోవడం మానుకుంటే డబ్బూ మిగులుతుంది.

గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొక ఇనుము మాత్ర వేసుకోవాలి. 180 రోజులు వేసుకోవాలి. కాన్పు అయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. వీటిని ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కడుపులో వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. కాల్షియం మాత్రతో కలిపి ఒకేసారి మింగకూడదు. టీ తాగితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. మాత్రకూ టీకీ కనీసం ఒక గంట తేడా ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు కూడా మంచిది కాదు.

తోటకూర, గోంగూర, మునగాకు, రాగులు, సజ్జలు, పప్పులు తినాలి. వాటితో పాటు నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడో, జామకాయో ఉంటే ఇనుము బాగా పడుతుంది. మాంసం, చేపలు, కాలేయం తినేవాళ్ళకు ఇంకా మేలు. అయితే ఇంట్లో మాంసం కూర వండిన రోజు ముక్కలన్నీ ఎవరి కంచంలోకి పోతున్నాయో కూడా ఒకసారి చూసుకోవాలి.

కడుపులో కొంకి పురుగులు ఉన్నా రక్తం తగ్గుతుంది. చెప్పులు లేకుండా దొడ్డికి వెళ్ళే చోట తిరిగితే అవి పాదంలోంచి ఒంట్లోకి ఎక్కుతాయి. ముట్టు రోజుల్లో రక్తం మరీ ఎక్కువగా పోయినా గోళ్ళు పాలిపోతాయి. ఏడెనిమిది రోజులు ఆగకుండా పోతున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా సిగ్గుపడకుండా చెప్పాలి. ముట్లుడిగి ఏడాది దాటిన మనిషికి మళ్ళీ రక్తం కనబడితే అసలు ఆలస్యం చేయకూడదు.

గోరింటాకు వద్దని ఎవరూ అనరు. అట్లతద్దికి, సీమంతానికి అది ఉండాల్సిందే. కానీ గర్భిణులు ఒక వేలిని వదిలేసి పెట్టుకుంటే మంచిది. ఆపరేషను అప్పుడూ, ఆయాసం వచ్చినప్పుడూ వేలికి ఒక చిన్న యంత్రం తగిలించి ప్రాణవాయువు ఎంత ఉందో చూస్తారు. 2020, 2021 కరోనా రోజుల్లో ఇది చాలామంది చూశారు. ముదురు గోరింటాకు, గోళ్ళ రంగు ఉంటే ఆ యంత్రం లెక్క తప్పవచ్చు.

తడి చేతులకు వచ్చే తిప్పలు

రోజంతా నీళ్ళలో పని చేసే చేతులు ఉన్నాయి. అంట్లు తోమేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, రొయ్యలు ఒలిచేవాళ్ళు. నీళ్ళలో నానితే గోరు చుట్టూ ఉన్న చర్మం మెత్తబడుతుంది. గోరుకు దూరమవుతుంది. ఆ సందులోంచి క్రిములు లోపలికి పోతాయి. వేలు ఎర్రబడి వాస్తుంది. సలుపుతుంది. చీము పడుతుంది. ఇదే గోరుచుట్టు. దీని నొప్పి ఎంతటిదో తెలిసే పెద్దలు "గోరుచుట్టు మీద రోకటి పోటు" అన్నారు.

గోరుచుట్టు వస్తే నిమ్మకాయకు చిల్లు పెట్టి వేలికి తొడుగుతారు. చల్లగా ఉండి కాస్త హాయి అనిపించవచ్చు. లోపలి చీము మాత్రం దానితో పోదు. మొదట్లోనే అయితే గోరువెచ్చని నీళ్ళలో పావుగంట చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచి, తర్వాత పొడిగా తుడవాలి. చీము పడితే డాక్టరు చిన్న గాటు పెట్టి తీసేస్తారు. సూదితో ఇంట్లో పొడవకండి. వేలి నుంచి చేతి పైకి ఎర్ర చార పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ఎర్రబడిన మొదటి రోజే చూపించుకోవాలి.

కొందరికి గోరు పసుపు పచ్చగా మారుతుంది. మందంగా అవుతుంది. పిండి పిండిగా రాలుతుంది. పైరుకు బూజు తెగులు పట్టినట్టే గోరుకు ఫంగస్ పడుతుంది. కాలి గోళ్ళకు ఇది ఎక్కువ. అయితే సోరియాసిస్ అనే చర్మ వ్యాధిలోనూ గోరు ఇలాగే ఉంటుంది. అందుకని డాక్టర్లు చిన్న గోరు ముక్క కత్తిరించి పరీక్షకు పంపుతారు. ఫంగస్ అని తేలితే వాడే మాత్రలు చేతి గోళ్ళకు 6 వారాలు, కాలి గోళ్ళకు 12 వారాలు వేసుకోవాల్సి రావచ్చు. లివరు పరీక్ష కూడా చేయిస్తారు. కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగే మాత్రలు కావివి. మందు వాడటం అయిపోయినా గోరు వెంటనే బాగుపడినట్టు కనబడదు. ఇందాకటి లెక్క గుర్తుందా? కొత్త గోరు రావడానికి నెలలు పడుతుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి మందు మధ్యలో మానేస్తారు.

గోరు కింద ఆకుపచ్చ రంగు కనబడితే, గోరు చర్మం నుంచి విడిపోయి ఆ సందులో క్రిములు చేరాయన్నమాట. చూపించుకోవాలి. ఈలోగా చేతులు పొడిగా ఉంచాలి. అంట్ల పనికి రబ్బరు తొడుగులు దొరికితే వేసుకోవాలి. దొరకని చోట పని కాగానే చేతులు కడిగి, వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, కాస్త కొబ్బరినూనె రాసుకోవాలి.

నల్ల మచ్చ

తలుపు సందులో వేలు పడుతుంది. కాలి మీద రాయి పడుతుంది. గోరు కింద రక్తం గడ్డ కడుతుంది. నల్లగా కనబడుతుంది. భరించలేని పోటు ఉంటే రెండు రోజుల లోపే ఆసుపత్రికి పోతే గోరుకు చిన్న రంధ్రం చేసి రక్తం తీస్తారు. పోటు లేకపోతే వదిలేయవచ్చు. మచ్చ గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. వెనక శుభ్రమైన గోరు వస్తుంది.

దెబ్బ తగలకుండానే నల్ల చార వస్తే? చామనఛాయ, నలుపు రంగు ఉన్నవాళ్ళలో చాలామందికి గోళ్ళ మీద నిలువుగా సన్నని గోధుమ రంగు గీతలు ఉంటాయి. నాలుగైదు వేళ్ళకు ఉండి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే మామూలే. కొన్ని మందుల వల్ల, బి12 విటమిన్ తక్కువైనా కూడా గోళ్ళు నల్లబడతాయి. కానీ ఒకే ఒక్క వేలికి కొత్తగా నల్ల చార వచ్చిందనుకోండి. అది నెల నెలా వెడల్పు అవుతోంది. గోరు మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకింది. గోరు పగులుతోంది. దెబ్బ మచ్చలాగా ముందుకు జరిగి పోవడం లేదు. అప్పుడు జిల్లా ఆసుపత్రిలో చర్మ డాక్టరుకు చూపించాలి. అది ఒక రకం కేన్సరు కావచ్చు. చాలా అరుదు. ఎక్కువగా చేతి బొటనవేలికి, కాలి బొటనవేలికి వస్తుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే దీనిలో పెద్ద ప్రమాదం. తొందరగా తెలిస్తే కోసి తీసేయవచ్చు.

నీలం రంగు

చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ళలో పని చేస్తే గోళ్ళు నీలంగా అవుతాయి. వేడి తగలగానే మళ్ళీ గులాబీ రంగుకు వస్తాయి. అది వేరు. గోళ్ళతో పాటు పెదాలు, నాలుక నీలంగా మారి, ఊపిరి ఆడకపోతే ఒంటికి ప్రాణవాయువు అందడం లేదని అర్థం. పొద్దున్న చూద్దాం అనుకోకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు మొదటి రోజు చేతులూ పాదాలూ కాస్త నీలంగా ఉండటం మామూలే. పెదాలు, నాలుక నీలంగా ఉంటే మాత్రం క్షణం ఆగకూడదు.

ఇంకా కొన్ని గుర్తులు ఉన్నాయి. వేలి కొస ఉబ్బి, గోరు చిలుక ముక్కులాగా వంగితే ఊపిరితిత్తులు, గుండె పరీక్ష చేయించాలి. గోళ్ళన్నీ వెనక సగం తెల్లబడితే మూత్రపిండాలు, లివరు చూపించాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు

గోళ్ళ రంగు తీసేయండి. రంగు ఎప్పుడు మారిందో, ఒక్క వేలికా అన్నిటికా, దెబ్బ తగిలిందా అన్నది గుర్తు చేసుకోండి. వాడుతున్న మాత్రల అట్టలు చేత్తో పట్టుకుపొండి. చేసే పని ఏమిటో చెప్పండి. ఇప్పుడు రాయడం వచ్చింది కదా, ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకుంటే ఇంకా మంచిది. పదిహేను రోజులకొకసారి మచ్చ ఎంత ఉందో చూసి ఆ కాగితం మీదే గీత గీసుకోవచ్చు.

చదివి మాట్లాడుకోండి

1. పక్కన కూర్చున్న అక్క గోళ్ళూ, కింది కనురెప్పా చూడండి. ఏ రంగులో ఉన్నాయి?

2. మీ సంఘంలో ఎంతమంది ఈ ఏడాది రక్త పరీక్ష చేయించుకున్నారు? ఎంత వచ్చిందో ఎంతమందికి గుర్తుంది?

3. ఆ కోడలు మాత్రలు మానేయడానికి కారణాలేమిటి? మీ ఇళ్ళలో అలాంటి మాటలు ఏం విన్నారు?

4. ఈ మాటలు పలకమీద రాయండి: గోరు, రక్తం, ఇనుము, మాత్ర, పరీక్ష, హిమోగ్లోబిన్, గోరుచుట్టు, ఆసుపత్రి.